పొడవాటి రసాయన పేరును ఎక్కడ విరవాలి?

2025 సెప్టెంబరు 22న వైట్‌హౌస్‌లో మాట్లాడుతూ అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఒక మాట దగ్గర ఆగిపోయారు. ముక్కలుగా కూడబలుక్కుని ఎలాగో గట్టెక్కారు. ఆ మాట ఎసిటమినోఫెన్. గర్భిణులు ఆ మందు వాడొద్దన్నది ఆయన చెప్పదలచుకున్న సంగతి. ఆటిజంతో దానికి ముడిపెట్టేందుకు తిరుగులేని శాస్త్రీయ ఆధారాలు లేవన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ జవాబు. ఈ వాదన కంటే ఆ తడబాటే ఎక్కువ మంది చెవిన పడింది. నిజానికి తెలుగు ఇళ్లకు ఆ మందు కొత్తది కాదు. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్‌కే అమెరికాలో ఆ పేరు.

కొద్ది రోజుల్లోనే మన పత్రికల్లోకి ఇంకో పేరు వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గు మందు తాగిన చిన్నపిల్లలు 20 మందికి పైగా చనిపోయారు. ఆ మందులో 0.1 శాతం కూడా దాటకూడని డైఇథిలీన్ గ్లైకాల్ 48 శాతానికి పైగా ఉందని ప్రయోగశాల పరీక్షలో తేలింది. ఆ పేరు ఒకచోట డై ఇథలిన్ గ్లైకోల్ అని, మరోచోట డైథిలిన్ గ్లైకాల్ అని అచ్చయింది. చదివినవారికి అది ఏమిటో తెలియలేదు, ఎలా పలకాలో అంతకన్నా తెలియలేదు.

క్లుప్తంగా చెప్పాలంటే, రసాయన పేరు సమాసం లాంటిది. అసలు వస్తువు చివర ఉంటుంది, దాని మీద తగిలించినవి ముందు ఉంటాయి. అర్థం కోసం ఒకచోట, ఉచ్చారణ కోసం ఇంకోచోట విరవాల్సి రావడమే తికమకకు మూలం. ఒక్క అచ్చు మారితే పదార్థమే మారిపోతుంది. పేరు విడదీస్తే పదార్థపు నిర్మాణం తెలుస్తుంది. దాని మంచిచెడ్డలు మాత్రం తెలియవు.

గణాలు వేరు, పదాలు వేరు

ఉత్పలమాల పాదాన్ని భ, ర, న, భ, భ, ర, వ అని విడదీస్తే గణాలు కుదురుతాయి గానీ అర్థం రాదు. గణం ఒక పదం నడుమ మొదలై ఇంకో పదం నడుమ తెగుతుంది. తాత్పర్యం కావాలంటే మళ్లీ మొదటికొచ్చి పదవిభాగం చేసుకోవాలి. పొడవాటి రసాయన పేరుతో వచ్చే చిక్కు అచ్చంగా ఇదే.

ఎసిటమినోఫెన్‌నే చూద్దాం. అమెరికన్ నోట అది అ–సీ–ట–మి–న–ఫెన్. ఊనిక, అంటే ఒత్తి పలకడం, ‘మి’ మీద పడుతుంది. అర్థం ప్రకారమైతే ఎసిట్–అమినో–ఫెన్. నోట్లో ‘ట’గా వినిపించే అక్షరంలో ఎసిట్ తోక, అమినో తల అతుక్కుని ఉన్నాయి. ఉచ్చారణ కోసం విరిచినవాడికి ‘అమినో’ కనిపించదు. అర్థం కోసం విరిచినవాడు దాన్ని ఇంగ్లిష్ చెవికి తగ్గట్టు పలకలేడు. రెండూ ఒకేసారి చేయబోతే నాలుక మెలిక పడుతుంది.

ఆ మందు అసలు పేరు పారా-ఎసిటైల్-అమినో-ఫినాల్. అమెరికన్లు అందులోంచి ఎసిట్, అమినో, ఫెన్ తీసుకున్నారు. బ్రిటిష్‌వాళ్లు పారా, ఎసిట్, అమ్, ఆల్ ఏరుకుని పారాసిటమాల్ చేశారు. టైలనాల్ అన్న అమెరికన్ బ్రాండు పేరు కూడా ఆ పొడవాటి పేరులోంచి చేసిన కత్తిరింపే: ఎసిటైల్‌లోని ‘టైల్’, ఫినాల్ చివరి ‘ఇనాల్’. మూడు పేర్లకూ మూలం ఒకటేనని తెలియకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది చిన్నదేమీ కాదు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రుల పెట్టెలో ఇక్కడి పారాసిటమాల్ మాత్రలు ఉంటాయి, అక్కడి ఇంటి అలమరలో టైలనాల్ ఉంటుంది. వేర్వేరు మందులనుకుని రెండూ వేసుకుంటే, పెద్దవారికి రోజుకు 4 గ్రాములన్న హద్దు తెలియకుండానే దాటిపోవచ్చు. దాటితే దెబ్బ కాలేయానికి.

తోక నుంచి తలకు

‘రాజభటుడు’ అన్నప్పుడు ఎదురుగా నిలబడినది భటుడే గానీ రాజు కాదు. ‘బొగ్గుపులుసు వాయువు’ అన్నప్పుడు అది వాయువు. ఎలాంటిదంటే పులుసుది, ఆ పులుసు బొగ్గుది. కార్బన్ డయాక్సైడ్‌కు మన పాత పాఠ్యపుస్తకాలు పెట్టిన ఈ పేరును ఇప్పుడు పిల్లలు నవ్వులాటగా చెప్పుకుంటారు గానీ, విరుపు తెలిసేలా కట్టిన పేరది. చివర ప్రధానం, ముందు విశేషణాలు.

ఇంగ్లిష్ రసాయన పేరు కూడా తత్పురుషమే. అందుకే దాన్ని పలికేటప్పుడు ఎడమ నుంచి కుడికి వెళ్లినా, అర్థం చేసుకునేటప్పుడు కుడి నుంచి ఎడమకు రావాలి. పారాసిటమాల్‌కు నియమబద్ధమైన పేరు ఎన్-(4-హైడ్రాక్సీఫినైల్)ఎసిటమైడ్. చివర ఉన్నది ఎసిటమైడ్. ఎసిట్ అంటే లాటిన్‌లో వెనిగర్‌కున్న పేరు, అమైడ్ అమ్మోనియా సంతతి. అంటే వెనిగర్ ఆమ్లం, అమ్మోనియా కలిస్తే వచ్చే ముక్క. ఆ ముక్కలోని నైట్రోజన్‌కు, అంటే పేరు మొదట్లో కనిపించే ‘ఎన్’కు, బ్రాకెట్లో ఉన్నది అతికి ఉంది. బ్రాకెట్లోనూ మళ్లీ చివరి నుంచే: ఫినైల్ అనే ఆరు కార్బన్ల వలయం, దాని నాలుగో స్థానంలో ఒక హైడ్రాక్సీ, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జంట. ఇంతే. కాగితం మీద ఈ మాటలను బట్టి బొమ్మ గీస్తే ఆ మందు అణువు అచ్చంగా వస్తుంది. బొమ్మను పేరుగా, పేరును బొమ్మగా మార్చుకోగలగడానికే ఈ పద్ధతి పుట్టింది.

అంతకు ముందు పేర్లన్నీ రంగును బట్టో, ఊరిని బట్టో, దొరికిన చోటును బట్టో ఉండేవి. 1787లో లావోయిజియే, గీటన్ ద మోర్వో, బెర్తొలే, ఫుర్‌క్రువా అనే నలుగురు ఫ్రెంచి రసాయనవేత్తలు ఒక పద్ధతి ప్రతిపాదించారు. పదార్థం దేనితో తయారైందో పేరే చెప్పాలన్నది వారి పట్టు. కర్బన రసాయనాలకు 1892లో జెనీవా సమావేశం నియమాలు పెట్టింది. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం ఐయూపాక్ వాటిని ఇప్పటికీ సవరిస్తూ వస్తోంది. లావోయిజియే ఆక్సిజన్‌కు ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అన్న అర్థంలో పేరు పెట్టాడు. ఆమ్లాలన్నిటికీ అదే మూలమనుకోవడం పొరపాటని తర్వాత తేలింది. తెలుగులో దాన్ని ఆమ్లజని అని అనువదించుకున్నాం కాబట్టి, ఆ ఫ్రెంచి పొరపాటు మన పాత పుస్తకాల్లో కూడా భద్రంగా ఉంది.

కొత్త పద్ధతి వచ్చినా పాత వాసనలు పోలేదు. నాలుగు కార్బన్ల గొలుసు పేరు ‘బ్యూట్’. అది వెన్న నుంచి వచ్చింది, పాడైన వెన్నలో దొరికిన ఆమ్లం ద్వారా. మూడు కార్బన్ల ‘ప్రోప్’కు గ్రీకు మూలం ‘మొదటి కొవ్వు’. వంటింటి గ్యాస్ బండలో ఉండేవి ఈ రెండే, ప్రోపేన్, బ్యూటేన్. ఒక కార్బన్ ‘మెథ్’ వెనక కల్లు, కట్టె అన్న అర్థాలిచ్చే గ్రీకు మాటలున్నాయి. ఎందుకంటే మిథైల్ ఆల్కహాల్‌ను కట్టెను బట్టీ పెట్టి తీసేవారు. ఐదు నుంచి గ్రీకు అంకెలు పెంట్, హెక్స్, హెప్ట్, ఆక్ట్ అని సాగుతాయి. తొమ్మిది దగ్గర మాత్రం లాటిన్ ‘నాన్’ దూరింది. ఫినైల్ మాట వినగానే మన చెవికి నేల కడిగే ఫినాయిల్ తగులుతుంది. పేర్ల వరుసలో రెండూ చుట్టాలే. ఈ ఇరవై ముప్పై మూలాలు పట్టుబడితే మిగిలినదంతా కూర్పే. టైటిన్ అనే కండరాల ప్రొటీన్‌కు పూర్తి పేరు రాస్తే ఇంగ్లిష్‌లో దాదాపు 1,90,000 అక్షరాలవుతుంది. చదవడానికి గంటలు పడుతుంది. కానీ అందులో వ్యాకరణం కొత్తగా ఏమీ లేదు, అమైనో ఆమ్లాల పేర్లు చివర ‘ఇల్’ తగిలించుకుని రైలు పెట్టెల్లా వరుస కట్టాయి. ఆ పేరును ఏ రసాయనవేత్తా వాడడు.

ఇంగ్లిష్ పేర్లలోనూ సంధులే

విడదీసేటప్పుడు మొదట తట్టుకునే రాయి సంధి. ప్రోపేన్ అని ఇంగ్లిష్‌లో రాసినప్పుడు చివర పలకని ఒక ‘ఈ’ అక్షరం ఉంటుంది. దాని పక్కన ఆల్కహాల్ గుర్తు ‘ఆల్’ వస్తే అచ్చుకు అచ్చు ఎదురై, ముందున్నది లోపిస్తుంది: ప్రోపనాల్. పక్కన ‘డైఆల్’ వస్తే ఎదురైనది హల్లు కాబట్టి లోపం లేదు: ప్రోపేన్‌డైఆల్. మన ఉత్వసంధికి అచ్చు పరం కావాలన్న షరతు ఎలా ఉందో, ఇక్కడా అలాగే. రాతలో పోయింది ఒక్క అక్షరమే అయినా నోట్లో ఇంకో మార్పు జరుగుతుంది. ‘పేన్’లోని దీర్ఘం ‘పన’ అయి కుదించుకుపోతుంది. అందుకే ప్రోపనాల్ విన్నవారికి అందులో ప్రోపేన్ ఉన్నట్టు వెంటనే తట్టదు.

మోనో, ఆక్సైడ్ కలిస్తే మోనాక్సైడ్. పెంటా, ఆక్సైడ్ కలిస్తే పెంటాక్సైడ్. డై, ట్రై అన్న వాటి చివరి అచ్చు మాత్రం ఎప్పుడూ లోపించదు. అక్కడ తెలుగు నాలుక తనకు అలవాటైన పని చేసింది. సంధి లేనిచోట రెండు అచ్చుల నడుమ య చేర్చుకుంది: డయాక్సైడ్, ట్రయాక్సైడ్. ఇది తప్పు కాదు, యడాగమం. చిక్కల్లా దాన్ని విరిచేటప్పుడే. ‘డయా’ అని విరిస్తే డయాబెటిస్, డయాలసిస్ గుర్తొస్తాయి. వాటిలోని ‘డయా’ గ్రీకులో ‘గుండా’ అన్న అర్థమిచ్చే వేరే మాట. డయాక్సైడ్‌లో ఉన్నది రెండు, అంటే డై. నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే డయాజిపామ్‌లో కూడా డై, అజా అనే రెండు ముక్కలున్నాయి, రెండు నైట్రోజన్లని అర్థం.

ఒక్క అచ్చు తేడా

తెలుగు లిపి ఇంగ్లిష్ స్పెల్లింగ్ బాధల్లో చాలావాటిని తీసేస్తుంది. ‘ఎక్స్’తో మొదలైనదాన్ని జైలీన్ అని, ‘పీహెచ్’తో రాసినదాన్ని ఫాస్ఫేట్ అని రాసేస్తే ఇక సందేహం ఉండదు. అసలు పరీక్ష పదం చివర ఉంటుంది.

ఐడ్, ఐట్, ఏట్ అనే మూడు తోకలు చూడండి. సల్ఫైడ్‌లో ఆక్సిజన్ లేదు, సల్ఫైట్‌లో కొంత ఉంది, సల్ఫేట్‌లో అంతకన్నా ఎక్కువ ఉంది. నైట్రేట్ ఎరువు, నైట్రైట్ మాంసం నిల్వకు వాడేది, మోతాదు మించితే రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేసేది. వ్యవహారంలో వీటి చివర ఉకారం చేర్చి సల్ఫేటు, నైట్రైటు అన్నా నష్టం లేదు. ట, డ కలిసిపోతేనే నష్టం. సయనైడ్, సయనేట్, ఐసోసయనేట్ మూడూ వేరు. 1984 డిసెంబరులో భోపాల్‌లో లీకైన మిథైల్ ఐసోసయనేట్‌లో చివరి మాట సయనైడ్ కాదు. నల్లగొండ నీళ్ల గురించి రాసేటప్పుడు ఫ్లోరైడ్ అనీ, ఫ్లోరిన్ అనీ రెండూ వాడుతుంటారు. ఫ్లోరిన్ ఒక భయంకరమైన వాయువు, అది నీళ్లలో అలా ఉండనే ఉండదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎముకలను, పళ్లను పాడుచేసేది ఫ్లోరైడ్.

ఏన్, ఈన్, ఐన్ వరుసలో కార్బన్ల నడుమ బంధం ఒకటా, రెండా, మూడా అన్నది తెలుస్తుంది. మామిడి కాయల సీజన్ రాగానే దీని విలువ బయటపడుతుంది. కాయలు మగ్గడానికి ఇథిలీన్ వాయువును 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) దాకా వాడవచ్చని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అనుమతిస్తుంది. కార్బైడ్ నుంచి వచ్చే ఎసిటిలీన్‌ను నిషేధించింది. చెవికి రెండూ ‘ఇలీన్’ అన్న ప్రాస పలుకుతాయి. నియమబద్ధ పేర్లలో చూస్తే మొదటిది ఈథీన్, రెండోది ఈథైన్. తేడా తోకలోనే దొరికిపోతుంది. పాత పేరు దాచినదాన్ని కొత్త పేరు బయటపెట్టిందన్నమాట.

అన్నిటికంటే ముదిరిన చిక్కు ‘ఆల్’. ఆల్కహాల్ తోక, ఆల్డిహైడ్ అనే మరో రసాయన కుటుంబపు తోక ఇంగ్లిష్‌లో వేరువేరు అచ్చులు. ఒకదాంట్లో ‘ఓ’, రెండోదాంట్లో ‘ఏ’. తెలుగులో రాస్తే రెండూ ఆల్. పెట్రోల్‌లో 20 శాతం దాకా కలుపుతున్నది ఇథనాల్. దాని ఫ్యాక్టరీ వద్దంటూనే 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం రోడ్డెక్కారు. అదే మద్యంలోనూ ఉండేది. తాగిన మద్యాన్ని కాలేయం మొదట మార్చేది కూడా తెలుగు రాతలో ఇథనాలే అవుతుంది! రెండోది ఎసిటాల్డిహైడ్, మొదటిదానికంటే విషపూరితం. పైన ప్రోపనాల్ అని రాసినదానికీ ఇదే గతి. ఆల్కహాల్ అయినప్పుడు ఇథనోల్, ప్రోపనోల్ అని, ఆల్డిహైడ్ అయినప్పుడు ఇథనాల్, ప్రోపనాల్ అని రాస్తే ఈ గొడవ వదులుతుంది. పత్రికల్లో ఇథనాల్ ఎంతగా పాతుకుపోయిందంటే ఇప్పుడు మార్చడం కష్టం. ఫినాల్, గ్లైకాల్ లాంటి పేర్లకు ఆల్డిహైడ్ జంట ఎదురుగా రాదు కాబట్టి వాటి జోలికి పోనక్కరలేదు.

మీథేనా, మెథేనా

ఐయూపాక్ నియమాలు ప్రధానంగా రాత కోసం. నోటి సంగతి దేశానికొక తీరు. బ్రిటన్‌లో మీథేన్, అమెరికాలో మెథేన్. బ్రిటన్‌లో ఈథైల్, అమెరికాలో ఎథిల్. మన పాఠ్యపుస్తకాల్లోని మీథేన్, ఈథేన్, మిథైల్, ఇథైల్ బ్రిటిష్ బడి నుంచి వచ్చినవి. అమెరికన్ వీడియోల్లో పాఠాలు వినే ఈ తరం విద్యార్థికి క్లాసులో ఒకటి, ఫోన్‌లో ఒకటి వినబడుతుంది. రెండూ సరైనవే. అల్యూమినియం విషయంలో ఇది మరీ పాత తగువు. బ్రిటిష్ రసాయనవేత్త హంఫ్రీ డేవీయే మొదట ఒక పేరు, 1812లో ‘అల్యూమినం’ అని ఇంకో పేరు పెట్టాడు. ఐయూపాక్ 1990లో అల్యూమినియంను ఖాయం చేసి, తర్వాత అమెరికన్ రూపాన్నీ ఒప్పుకుంది.

తెలుగువారికి అచ్చుల కంటే ఇబ్బంది పెట్టేది ఊనిక. తెలుగులో ఏ అక్షరం మీద ఒత్తి పలికినా మాట మారదు కాబట్టి మనం అన్నిటినీ సమానంగా పలుకుతాం. ఇంగ్లిష్ చెవి ఊనికను బట్టే మాటను పట్టుకుంటుంది. దీనికి ఒక మంచి సూత్రం ఉంది: చివర ‘ఇక్’ వస్తే ఊనిక దానికి సరిగ్గా ముందున్న అక్షరం మీదికి జరుగుతుంది. బెంజీన్‌లో ‘బెన్’ మీద ఉన్న ఊనిక, బెంజోయిక్‌లో ‘జో’ మీదికి వస్తుంది. సల్ఫర్‌లో ‘సల్’ మీద ఉన్నది సల్ఫ్యూరిక్‌లో ‘ఫ్యూ’ మీదికి వెళ్తుంది. గంధకికామ్లం, నత్రికామ్లం అని మనం పెట్టుకున్న పేర్లలో ఈ ‘ఇక్’ స్థానంలో ‘ఇక’ కుదిరిపోయింది, పైగా సవర్ణదీర్ఘం కూడా చేశాం. ఊనిక బాధ మాత్రం పెట్టుకోలేదు.

రాతలో తేడాల వల్ల ఇంకో నష్టం ఉంది. 2020 మే 7న విశాఖ శివార్లలోని ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర గ్యాస్ లీకైనప్పుడు ఆ వాయువు పేరు స్టైరీన్, స్టెరిన్, స్టిరీన్ అని తలా ఒక రకంగా తిరిగింది. ‘స్టెరిన్’ అని వెతికినవారికి దాని సంగతి దొరకడం కష్టం. పాలిస్టైరీన్‌తో చేసే థర్మాకోల్‌ను పెళ్లి మండపాల్లో రోజూ చూసేవారికి కూడా ఆ రెంటికీ చుట్టరికం ఉందని తట్టదు.

అంకెలు అలంకారం కావు

కలుపు మందుల దుకాణంలో రైతు ‘టూ ఫోర్ డి’ ఇమ్మంటాడు. ఆ మూడు ముక్కల వెనక 2,4-డైక్లోరోఫినాక్సీ ఎసిటిక్ ఆమ్లం ఉంది. చివరి నుంచి వస్తే, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం. దానికి ఫినాక్సీ, అంటే ఫినైల్ వలయం ఒక ఆక్సిజన్ చేయి పట్టుకుని అతికింది. ఆ వలయంలో రెండో చోట ఒకటి, నాలుగో చోట ఒకటి, మొత్తం రెండు క్లోరిన్లు. పేరులో రెండు అంకెలుంటే ‘డై’, మూడుంటే ‘ట్రై’. లెక్క సరిపోయిందో లేదో చదివేవాడు అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. కామా దగ్గర చిన్న విరామం, హైఫన్ దగ్గర కాస్త పెద్దది, అంకెలను ఇంగ్లిష్‌లోనే అనడం, ఇదీ వాడుక.

ఐదో చోట ఇంకో క్లోరిన్ చేరితే అది 2,4,5-టి. వియత్నాం యుద్ధంలో అమెరికా చల్లిన ఏజెంట్ ఆరెంజ్ ఈ రెండింటి మిశ్రమమే. తరాలను వెంటాడిన డయాక్సిన్ అనే విషపు కల్తీ 2,4,5-టి తయారీలో పుట్టింది. అడవులను ఎండబెట్టిన ఆ మిశ్రమంలో సగం ఇప్పటికీ పొలాల్లో వాడుకలో ఉంది, మిగతా సగం మీద అపఖ్యాతి మిగిలింది. రెండు పేర్ల నడుమ తేడా ఒక అంకె.

మందుల తోకలు

అణువు మొత్తాన్ని చెప్పే పేరును డాక్టరు చీటీ మీద రాయలేడు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950ల నుంచి మందులకు పొట్టి పేర్లు ఇస్తోంది. వాటికీ తోకే కీలకం. బీపీకి వాడే టెల్మిసార్టన్, లోసార్టన్‌లలో ‘సార్టన్’, అటెనోలాల్, మెటోప్రోలాల్‌లలో ‘ఓలాల్’, కొలెస్ట్రాల్ మాత్రల్లో ‘స్టాటిన్’, షుగరుకు వాడే సిటాగ్లిప్టిన్‌లో ‘గ్లిప్టిన్’. ఏ భాషవారికైనా పలకడం తేలికవ్వాలని ‘పీహెచ్’ బదులు ‘ఎఫ్’, ‘టీహెచ్’ బదులు ‘టీ’ వాడాలన్న నియమమూ ఉంది.

తోకను మరీ పొట్టిగా కత్తిరిస్తే మాత్రం మోసపోతాం. పాంటోప్రజోల్, ఆల్బెండజోల్, ఫ్లూకోనజోల్ మూడింటి చివరా ‘అజోల్’ ఉంది. ఒకటి ఎసిడిటీకి, ఒకటి నులిపురుగులకు, ఒకటి ఫంగస్‌కు. ప్రజోల్, బెండజోల్, కొనజోల్ దాకా పట్టుకుంటే గానీ కుటుంబం తేలదు. అక్కడితోనూ అయిపోలేదు. రాబెప్రజోల్ ఎసిడిటీ మందు, ఆరిపిప్రజోల్ మానసిక వ్యాధులకు ఇచ్చేది. రెండోదానికి తోక ‘పిప్రజోల్’. ఇలాంటి జంటల్లో తేడా ఉన్న అక్షరాలను పెద్దవిగా అచ్చువేయాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2001 నుంచి చెబుతోంది. తెలుగు లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. ఆ ఉపాయం మనకు పనికిరాదు.

పలకలేనిదల్లా విషమా

2009లో హ్యున్‌జిన్ సాంగ్, నార్బర్ట్ ష్వార్జ్ అనే మనస్తత్వ పరిశోధకులు కొన్ని కల్పిత పేర్లు తయారుచేసి, ఇవి ఆహారంలో కలిపే పదార్థాలు, వీటిలో ఏది హానికరమనుకుంటారని విద్యార్థులను అడిగారు. ‘మాగ్నల్‌రాక్సేట్’ లాంటి పలకడానికి వీలైనవాటి కంటే, ‘హ్నెగ్రిపిట్రోమ్’ లాంటి నోరు తిరగనివే ప్రమాదకరమని వారు లెక్కకట్టారు. ఆ పదార్థాలేవీ అసలు లోకంలో లేవు. నాలుకకు పట్టిన శ్రమను మనసు ప్రమాదంగా లెక్కవేసుకుంది.

1997లో అమెరికాలోని ఐడహోలో 14 ఏళ్ల విద్యార్థి ఒకడు దీన్ని ఇంకా సులువుగా చూపించాడు. డైహైడ్రోజన్ మోనాక్సైడ్ అనే రసాయనం వల్ల జరిగే అనర్థాలన్నీ రాసి, దాన్ని నిషేధించాలా అని 50 మంది తోటివారిని అడిగాడు. 43 మంది నిషేధించాలన్నారు. పేరు విడదీస్తే రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. నీళ్లు.

దీన్ని తిరగేసి, పొడవాటి పేర్లంటే భయపడేవాళ్లు అమాయకులని తేల్చేయడమూ తొందరపాటే. ఛింద్వాడా పిల్లల ప్రాణం తీసిన పదార్థాన్ని విడదీసి చూస్తే అది అర్థమవుతుంది. డైఇథిలీన్ గ్లైకాల్‌కు నియమబద్ధ పేరు 2-(2-హైడ్రాక్సీఇథాక్సీ)ఇథనోల్. చివర ఇథనోల్, రెండు కార్బన్లు, ఒక ఆల్కహాల్ కొస. దాని రెండో కార్బన్‌కు బ్రాకెట్లోని ముక్క: ఆక్సిజన్ ద్వారా అతికిన ఇంకో రెండు కార్బన్లు, వాటి కొసన ఇంకో హైడ్రాక్సీ. అంటే ఇథిలీన్ గ్లైకాల్ అణువులు రెండు ఒక ఆక్సిజన్‌ను పంచుకుని చేతులు కలిపాయి. పక్కనే ప్రోపిలీన్ గ్లైకాల్ ఉంది, మూడు కార్బన్లు, రెండు ఆల్కహాల్ కొసలు. సిరప్‌లలో మందు కరగడానికి మామూలుగా వాడేది, సురక్షితమైనది ఇదే. మలబద్ధకానికి ఇచ్చే పాలిఇథిలీన్ గ్లైకాల్ కూడా ఆ ఇంటిదే. తోక అన్నిటికీ గ్లైకాలే. తోక కుటుంబం చెబుతుంది, గుణం చెప్పదు. మూత్రపిండాలను ఎండగొట్టేది ఏది, హాయిగా బయటికి పోయేది ఏది అన్నది పేరులోంచి రాబట్టలేం. దానికి ప్రయోగాలు కావాలి, అనుభవం కావాలి. ఆ అనుభవం 1937లోనే వచ్చింది. సల్ఫనిలమైడ్ మందును డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మితే అమెరికాలో 100 మందికి పైగా చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే అక్కడ మందులను ముందే పరీక్షించాలన్న చట్టం వచ్చింది. 2022లో ఆఫ్రికా దేశం గాంబియాలోనూ పిల్లల సిరప్‌లలో ఇదే దొరికింది. రంగు లేదు, కాస్త తీపి, చిక్కగా జారుతుంది. చూడ్డానికి ప్రోపిలీన్ గ్లైకాల్‌కూ దీనికీ తేడా తెలియదు, ధర తక్కువ.

ఛింద్వాడా సిరప్‌లో ఉండాల్సిన మందులు పారాసిటమాల్, ఫినైల్‌ఎఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ మాలియేట్. మూడూ నోరు తిరగని పేర్లే, మూడూ తెలిసిన మందులే. నాలుగోది కల్తీ. కల్తీ పేరును సీసా మీద ఎవరూ అచ్చువేయరు. అది మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది ప్రయోగశాల నివేదికలోనే.